ఇంజన్ ఎక్కడుంటేనేం, అది కార్వెట్టే

2019 జులై 18న కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో, ఒకప్పుడు సైన్యం గాలి ఓడల కోసం కట్టిన పాత హ్యాంగర్‌లో, షెవర్లే కంపెనీ తన స్పోర్ట్స్ కారు, ఎనిమిదో తరం కార్వెట్‌ని జనానికి చూపించింది. 1953 నుంచీ డ్రైవర్ కాళ్ళకి ముందున్న ఇంజన్ ఆ కారులో డ్రైవర్ వీపు వెనక్కి చేరింది. చూడ్డానికి ఇటలీ కారులా ఉంది. ధర మొదలయ్యేది 59,995 డాలర్ల దగ్గర. అయినా ఏళ్ళ తరబడి కార్వెట్‌లు నడుపుతున్నవాళ్ళలో చాలామంది నొచ్చుకున్నారు. కారు బాగుంది, కాదనం, కానీ ఇది కార్వెట్ కాదు అన్నారు. పొడవాటి బానెట్ లేదు, క్లచ్ పెడల్ లేదు, వెనక గుండ్రటి లైట్లు అంతకుముందు తరంలోనే పోయాయి, ఇంకేం మిగిలింది అని వాళ్ళ ప్రశ్న.

వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. వాదన మాత్రం ఒప్పుకోలేను. కార్వెట్‌కి ప్రాణం ఇంజన్ ఉన్న చోటులో లేదు, ధరకీ వేగానికీ మధ్య ఆ కారు పెట్టుకున్న లెక్కలో ఉంది. నెలజీతం మీద బతికే మనిషి గట్టిగా పూనుకుంటే, కోటీశ్వరుల కార్ల పక్కన ధైర్యంగా నిలబెట్టగల కారు కొనుక్కోవచ్చు. ఇదీ ఆ లెక్క. దాన్ని కాపాడుకోడానికి దేన్ని వదులుకోవాల్సి వస్తే దాన్ని వదులుకున్న తరాలే గొప్పవయ్యాయి. బాగానే అమ్ముడవుతోంది కదా, ఇప్పుడు కదిలించడమెందుకని కూర్చున్నప్పుడల్లా కారు వెనకబడింది.

మన ఊళ్ళలో షెవర్లే అంటే పెళ్ళిళ్ళకీ తిరుపతి ప్రయాణాలకీ మాట్లాడుకునే టవేరా. తర్వాత స్పార్క్, బీట్ వచ్చాయి. 2017లో కంపెనీ మన దేశంలో అమ్మకాలే ఆపేసింది. కార్వెట్ మన షోరూములకి ఎన్నడూ రాలేదు. కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీలోనే తయారైన మొట్టమొదటి కార్వెట్ కూడా ఈ ఎనిమిదో తరమే. కాబట్టి ఈ కారు గురించి మనవాళ్ళలో చాలామందికి తెలిసింది బొమ్మల్లో చూసిందే. అందుకే మొదటినుంచీ చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఎంజీ, జాగ్వార్ లాంటి చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లంటే మోజు పెరిగింది. అమెరికా కంపెనీల దగ్గర అలాంటిది లేదు. షెవర్లేకి మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగాన్ని ఏలిన హార్లీ ఎర్ల్ ఒకటి గీయించాడు. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో, మోటోరామా ప్రదర్శనలో పెడితే జనం ఎగబడ్డారు. ఆ ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తయారీ మొదలైంది. ఆ సంవత్సరం కట్టినవి 300. అన్నీ తెలుపే, అన్నిట్లోనూ లోపల ఎరుపే. ధర 3,498 డాలర్లు.

పైకి అందగత్తె, లోపల సంసారపక్షం. ఇంజన్ షెవర్లే ఇంటి కార్లలో వాడే ఆరు సిలిండర్లదే. మూడు కార్బురేటర్లు తగిలించి 150 హార్స్‌పవర్ దాకా లాగారు. గేర్లు రెండే, అదీ ఆటోమేటిక్. తలుపులకి బయట పిడి లేదు, లోపలికి చెయ్యి పెట్టి తీసుకోవాలి. కిటికీలకి ఎత్తీ దించే అద్దాలు లేవు, వానొస్తే తగిలించుకునే తెరలే. దాన్ని స్పోర్ట్స్ కారనడానికి అప్పటి రేసుల వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు అన్నది న్యాయమే.

ఒళ్ళు మాత్రం కొత్తది. రేకుతో బాడీ చెయ్యాలంటే భారీ అచ్చులు కావాలి, వాటికి బోలెడు డబ్బూ ఎక్కువ కాలమూ పడుతుంది. అందుకని గాజు పీచుని రెజిన్‌తో తడిపి అచ్చుల్లో పరిచి చేసిన ఫైబర్‌గ్లాస్ పలకలు వాడారు. ఒహాయోలోని ఆష్టబ్యూలాలో ఉన్న మోల్డెడ్ ఫైబర్ గ్లాస్ కంపెనీ వాటిని చేసి పంపేది. దీంతో ఓ చిక్కొచ్చింది. మామూలు కారులో రేకు ఒళ్లే ఎర్త్. బల్బుకి ఒక తీగ వేస్తే చాలు, తిరుగు కరెంటు రేకులోంచి బ్యాటరీకి పోతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. కాబట్టి బాడీకి బిగించిన ప్రతి లైటుకీ విడిగా ఎర్త్ తీగ లాగాలి. పాత కార్వెట్ పక్కన టార్చ్‌లైటు పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. డిప్పర్ వేస్తే పార్కింగ్ లైటు మినుకుమినుకుమంటోందంటే ముందు చూడాల్సింది ఆ నల్ల తీగ చివర తుప్పుని. ఇంకో విడ్డూరం. రేకు అడ్డు లేదు కాబట్టి స్పార్క్ ప్లగ్గుల రొద నేరుగా రేడియోలో వినపడుతుంది. దాన్ని ఆపడానికి ఇగ్నిషన్ చుట్టూ ఉక్కు తొడుగు బిగించాల్సి వచ్చింది. పోనీ కదా అని ఏరియల్‌ని మాత్రం డిక్కీ మూత లోపలే, ఫైబర్ మధ్యన, బయటికి కనపడకుండా పరిచేశారు. రేకు కారులో అది కుదిరే పని కాదు.

1954లో తయారీని మిసోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయీకి మార్చి 3,640 కార్లు కట్టారు. ఏడాది చివరికి వాటిలో వెయ్యికి పైగా అమ్ముడుపోలేదు. పులి మీద పుట్రలా ఫోర్డ్ కంపెనీ 1955కి థండర్‌బర్డ్ దించింది. మొదటి ఏడాదే పదహారు వేలకి పైగా అమ్మింది. అదే ఏడాది కార్వెట్‌లు కట్టినవి 700. కంపెనీలో దీన్ని ఎత్తేద్దామన్న మాట మొదలైంది.

అప్పుడు అడ్డం పడ్డవాడు జోరా ఆర్కస్-డంటోవ్. బ్రస్సెల్స్‌లో పుట్టాడు, రష్యాలో పెరిగాడు, బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు, యూదుడు కావడంతో నాజీలకి దొరక్కుండా ఫ్రాన్స్ మీదుగా అమెరికా చేరాడు. మోటోరామాలో కార్వెట్ చూసి, బొమ్మ బాగుంది, బండిలో పస లేదనుకుని, షెవర్లేకి ఉత్తరం రాసి మరీ 1953 మేలో ఉద్యోగంలో చేరాడు. 1954 అక్టోబరులో పైవాళ్ళకి ఓ నోట్ పంపాడు. ఇప్పుడు వదిలేస్తే ఓడిపోయామని మనమే చాటుకున్నట్టు, ఫోర్డ్ దాన్ని వాడుకుంటుంది అన్నది దాని సారాంశం. అంతకుముందే ఇంకో నోట్ రాశాడు. పాత కార్లని విప్పి, బిగించి, వేగం పెంచుకునే కుర్రాళ్ళు ఫోర్డ్ ఇంజన్ల చుట్టూ తిరుగుతున్నారు, వాళ్ళకి మనం వేగం పెంచే విడిభాగాలు అమ్మాలి అని. కార్వెట్ చరిత్రలో అతి ముఖ్యమైన కాగితం అదేనని నా అభిప్రాయం. ఆ కారుని సూట్లు వేసుకునే కంట్రీ క్లబ్ జనం చేతుల్లోంచి తీసి చేతికి గ్రీజు అంటే కుర్రాళ్ళకి ఇవ్వాలని చూసిన మొదటి మనిషి ఆయన.

1955లో షెవర్లే చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్ బృందం తయారుచేసిన 265 ఘనపు అంగుళాల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వచ్చింది. స్మాల్ బ్లాక్ అని పిలిచే ఇంజన్ కుటుంబానికి అదే మొదలు. 2011 నాటికి ఆ కుటుంబంలో 10 కోట్ల ఇంజన్లు తయారయ్యాయి. 1957కి అది 283 ఘనపు అంగుళాలైంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడితే 283 హార్స్‌పవర్ ఇచ్చింది. నాలుగు గేర్ల మాన్యువల్ కూడా ఆ ఏడాదే. 1960లో రేసు జట్టు యజమాని బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ మూడు కార్లు ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసుకి తీసుకెళ్తే, జాన్ ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్ నడిపినది తన తరగతిలో గెలిచి మొత్తం మీద ఎనిమిదోదిగా వచ్చింది. ఏడేళ్ళ కిందట బయట పిడి కూడా లేని కారు! ఆరు సిలిండర్ల ఇంజనే అసలు కార్వెట్, ఎనిమిది పెడితే కాదు అని 1955లో ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఈ కారు అక్కడే ఆగిపోయేది.

రెండో తరం, 1963 స్టింగ్ రే, అందరూ ముద్దు చేసేది. ఎర్ల్ తర్వాత డిజైన్ విభాగం చేపట్టిన బిల్ మిచెల్ ఆధ్వర్యంలో లారీ షినోడా గీసిన ఆ రూపం ఇప్పటికీ చూపు తిప్పుకోనివ్వదు. కూపే, అంటే టాపు ఉన్న కారు, వెనక అద్దం మధ్యలో నిలువుగా ఓ వెన్నుపట్టీ, అద్దం రెండు ముక్కలు. అద్దంలో చూస్తే వెనక వచ్చే బండి కనపడదని డంటోవ్ మొత్తుకున్నాడు. అందం కోసం మిచెల్ పట్టుబట్టాడు. ఒక్క ఏడాదే నెగ్గాడు, 1964లో పట్టీ తీసేశారు. అప్పట్లో 1963 కార్ల సొంతదారులు కొందరు ఆ పట్టీ కోయించేసి 1964 అద్దం పెట్టించుకున్నారు. ఇవాళ అదే పట్టీ ఉన్న కారుకి వేలంలో లక్షలు పలుకుతాయి. ఫలానాది ఉంటేనే కార్వెట్ అని ఈ రోజు పట్టుకునేవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరికి అక్కర్లేనివే.

ఆ రూపం కంటే కింద ఉన్నది ముఖ్యం. వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే సస్పెన్షన్ ఆ ఏడాదే వచ్చింది. దానికి స్ప్రింగుగా డంటోవ్ వాడింది కమాన్ కట్ట. లారీలకి నిలువుగా, చక్రానికొకటి చొప్పున ఉండేదాన్ని ఇక్కడ అడ్డంగా, రెండు చక్రాలకీ కలిపి ఒకటే బిగించాడు. మొదట తొమ్మిది ఉక్కు పట్టీలు. 1981లో కొన్ని కార్లకి ఉక్కు తీసేసి ఫైబర్‌గ్లాస్‌తో ఒకే పట్టీ చేశారు, బరువు దాదాపు అయిదో వంతుకి దిగింది. ఎడ్ల బళ్ళ నాటి స్ప్రింగని దీన్ని ఎగతాళి చేసినవాళ్ళు కోకొల్లలు. కానీ అది తేలిక, కారు కిందిభాగంలోనే ఇమిడిపోతుంది, ఎక్కువ జాగా తీసుకోదు, చవక. ఏడో తరం చివరిదాకా, అంటే 2019 దాకా, కార్వెట్ అడ్డ కమాను మీదే పరిగెత్తింది. డబ్బు పోసి కొనే గొప్పతనం కంటే బుర్ర పెట్టి తగ్గించే ఖర్చు మేలన్న ధోరణి ఈ ఒక్క భాగంలో మొత్తం కనిపిస్తుంది నాకు.

ధర కూడా చూడండి. 1963 కూపే సుమారు 4,250 డాలర్లు. జాగ్వార్ ఈ-టైప్ దీనికంటే ఖరీదు, ఫెరారీ అయితే దాదాపు మూడింతలు.

ఇప్పుడు అసలు కథ. డంటోవ్ అప్పటికే ఇంజన్‌ని డ్రైవర్ వెనక పెట్టాలని నిశ్చయించుకున్నాడు. 1960లో సర్వ్ అన్న పేరుతో ఒంటి సీటు ప్రయోగ వాహనం కట్టాడు, ఇంజన్ వెనకే. 1964లో సర్వ్ 2, నాలుగు చక్రాలకీ శక్తి అందేలా. 1970లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎక్స్‌పీ-882 పెట్టారు. 1973లో పిస్టన్లకి బదులు నాలుగు రోటర్లు తిరిగే వాంకెల్ ఇంజన్‌తో ఇంకొకటి, అదే తర్వాత వి8 పెట్టుకుని ఏరోవెట్ అయింది. 1986లో కార్వెట్ ఇండీ, 1990లో సర్వ్ 3. ప్రతిసారీ పత్రికలు ముఖచిత్రాలు వేశాయి, వచ్చే కార్వెట్ ఇదేనన్నాయి. ఒక్కటీ షోరూము గడప తొక్కలేదు.

ఇంజన్‌ని వెనక్కి జరపాలనడం పట్టుదల కొద్దీ చేసిన వేషం కాదు, బరువు లెక్క. బండికి బస్తాలు వేసేటప్పుడు ముందుభారమా వెనకభారమా అని మన రైతు చూసుకున్నట్టే ఇదీ. కారు ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది. నడిపే చక్రాలు వెనకవైతే, ఇంజన్ బరువు కూడా వాటి మీదే ఉంటే టైరు రోడ్డుని గట్టిగా పడుతుంది. ముందు ఇంజన్ ఉన్న కారులో శక్తి పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక వెనక టైర్లు ఉత్తినే గిరగిరా తిరుగుతాయి. బ్రేకు వేసినప్పుడు ముందు టైర్లే సగానికి మించి మోస్తాయి. మలుపులో కూడా అంతే. బరువంతా కారు నడుమ ఉంటే తిప్పిన వెంటనే తిరుగుతుంది. ఫార్ములా వన్ కార్లన్నీ 1960ల మొదట్లోనే ఈ లెక్కకి తలొగ్గాయి.

మరి కార్వెట్ ఎందుకు తలొగ్గలేదు? అమ్ముడవుతోంది కాబట్టి. 1968లో మూడో తరం వచ్చింది. మాకో షార్క్ 2 ప్రదర్శన కారు నుంచి తీసుకున్న ఒంపులు, సన్నటి నడుము, బలిసిన భుజాలు. చంద్రుడి మీదకి వెళ్ళిన అపోలో 12 వ్యోమగాములు ముగ్గురూ ఒకేలాంటి బంగారు రంగు స్టింగ్‌రేలు నడిపారు. కానీ ఆ ఒంపుల కింద ఉన్న చాసిస్, అంటే కారు ఎముకల గూడు, 1963 నాటిదే. అదే చాసిస్ 1982 దాకా లాక్కొచ్చింది. ఇరవై ఏళ్ళు!

ఈలోగా కాలుష్య నియమాలు బిగిశాయి, సీసం లేని పెట్రోలు వచ్చింది, కంప్రెషన్ తగ్గించాల్సి వచ్చింది. 1972 నుంచి హార్స్‌పవర్ కొలిచే పద్ధతి కూడా మారింది. అంతకుముందు ఇంజన్‌ని ఒంటరిగా బల్ల మీద పెట్టి కొలిచేవారు, ఇప్పుడు సైలెన్సర్, ఫ్యాను, ఆల్టర్నేటర్ అన్నీ తగిలించి కొలవాలి. 1971లో 270 అన్న ఇంజనే 1972లో 200 అయింది. అది కాగితం మీది తగ్గుదల. ఆ తర్వాతిది నిజమైన తగ్గుదల. 1975లో మామూలు కార్వెట్ ఇచ్చింది 165. ఆ ఏడాదితోనే టాపు లేని కారు కూడా ఆపేశారు. 1980లో కాలిఫోర్నియా నియమాలకి సరిపడక, ఆ రాష్ట్రంలో కొన్నవాళ్ళకి 180 హార్స్‌పవర్ చిన్న ఇంజన్‌నీ ఆటోమేటిక్ గేర్‌నీ అంటగట్టారు.

వింతేమిటంటే కార్వెట్ చరిత్రలో అత్యధికంగా తయారైన ఏడాది 1979. 53,807 కార్లు. 2023 మోడల్ దాని దగ్గరదాకా వచ్చింది గానీ దాటలేదు. నీరసించిన కారే అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది! దీన్ని చూసి కొందరు, జనానికి కావలసింది రూపమే, వేగం కాదంటారు. నేను ఇంకోలా చూస్తాను. ఆ అమ్మకాలు 1957, 1963, 1967 కార్లు కూడబెట్టిన పరువు మీద వచ్చిన వడ్డీ. వడ్డీ వస్తోంది కదా అని కంపెనీ అసలు సంగతి మర్చిపోయింది. ఏరోవెట్ ఆగిపోవడానికి ఇదే కారణమని నేను నమ్ముతాను. ఉన్నది చేతికి అందిన కాడికి అమ్ముడవుతుంటే కొత్త ఫ్యాక్టరీ పనిముట్లకి డబ్బెవరు ఇస్తారు? డంటోవ్ 1975లో ఉద్యోగ విరమణ చేశాడు. ఆయన అడిగింది ఆయన చేతుల మీదుగా రాలేదు.

1981లో తయారీ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కి మారింది, ఇప్పటికీ అక్కడే. నాష్‌విల్ నుంచి గంట దారి. మ్యామత్ కేవ్ గుహలు చూడ్డానికి వెళ్ళే మన కుటుంబాలు హైవే మీదనుంచి పసుపుపచ్చని గోపురం, దాని మధ్యలోంచి పొడుచుకొచ్చిన ఎర్ర స్తంభం చూసే ఉంటారు. అదే నేషనల్ కార్వెట్ మ్యూజియం. ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా నేను ఆగుతాను. అక్కడ నాకు ఇష్టమైన కారు మెరుపులేమీ లేని ఓ తెల్ల కారు. 1983 మోడల్ కార్వెట్ అది. నాలుగో తరం సమయానికి సిద్ధం కాకపోవడంతో ఆ మోడల్ సంవత్సరాన్ని కంపెనీ వదిలేసింది. ప్రయోగానికి కట్టిన 43 కార్లలో 42 నలిపేశారు, మిగిలింది ఇదొక్కటే. సరిగ్గా రాని కారుని తొందరపడి అమ్మకుండా ఓ మోడల్ సంవత్సరాన్నే వదులుకోడానికి సిద్ధపడ్డారు చూడండి, ఆ నిర్ణయానికి నేను దణ్ణం పెడతాను. 1979 నాటి బద్ధకానికి ఇది విరుగుడు.

అదే మ్యూజియంలో 2014 ఫిబ్రవరి 12 తెల్లవారకముందే నేల కుంగి ఎనిమిది కార్వెట్‌లు గోతిలో పడ్డాయి. కింద సున్నపురాయి, గుహలున్న నేల. 1992లో తయారైన పదిలక్షలో కారు కూడా పడింది. దాన్ని మళ్ళీ బాగుచేశారు, నలిగిపోయినవాటిని నలిగినట్టే ప్రదర్శనలో ఉంచారు.

నాలుగో తరం గురించి పెద్దగా చెప్పను. 1984 మోడల్‌గా వచ్చింది, కొత్త చాసిస్, కంప్యూటర్ ఆటలా మెరిసే అంకెల డ్యాష్‌బోర్డు, నడ్డి విరిగేంత గట్టి సస్పెన్షన్. కానీ ఆ తరంలో జరిగిన ఒక ప్రయోగం నా వాదనకి గట్టి సాక్ష్యం. 1990లో జెడ్‌ఆర్-1 అని తెచ్చారు. లోటస్ కంపెనీతో కలిసి గీసిన ఇంజన్, వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్టులు నాలుగు, వాల్వులు 32, ఓక్లహోమాలో పడవల ఇంజన్లు చేసే మెర్క్యురీ మెరీన్ వాళ్ళు చేత్తో కూర్చేవారు. 375 హార్స్‌పవర్. మామూలు కార్వెట్ సుమారు 32 వేల డాలర్లయితే ఇది 59 వేలు. మొదటి ఏడాది మూడు వేల పైచిలుకు అమ్ముడైంది. 1992లో మామూలు కారుకే 300 హార్స్‌పవర్ ఇచ్చేసరికి జెడ్‌ఆర్-1 గిరాకీ కూలిపోయింది. 1993, 94, 95 సంవత్సరాల్లో ఏడాదికి 448 చొప్పున కట్టి ముగించారు. చివరి ఏళ్ళలో ఆ ఇంజన్ ఇచ్చింది 405 హార్స్‌పవర్. 2002లో అయిదో తరం వేగవంతమైన మోడల్ జెడ్06 సరిగ్గా అదే 405ని ఒకే కామ్‌షాఫ్టు ఉన్న పాతకాలపు అమరికతో, 50 వేల డాలర్ల చుట్టూ ధరకి ఇచ్చింది. లెక్క తప్పిన కారు ఎంత గొప్పదైనా నిలవలేదు, లెక్కకి కట్టుబడ్డ కారు దాన్ని అందుకుంది.

నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ గుర్తింపు దక్కిన గొప్ప కార్వెట్ అయిదో తరం. 1990ల మొదట్లో జనరల్ మోటార్స్ నష్టాల్లో మునిగి ఉంది, ఈ కారు పని ఆగుతూ సాగుతూ 1997కి బయటపడింది. డేవ్ హిల్ చీఫ్ ఇంజనీరు. ఇంజన్‌ని వెనక్కి మార్చడానికి డబ్బు లేదు, సరే, గేర్‌బాక్స్‌నైనా మారుద్దాం అని దాన్ని వెనక చక్రాల మధ్యకి తోశారు. బరువు ముందూ వెనకా దాదాపు సమానమైంది. చాసిస్ పక్క దూలాలు అంతకుముందు ఎన్నో ముక్కలు అతికించి చేసేవారు. ఇప్పుడు ఒక్కో వైపుకీ ఒకే ఉక్కు గొట్టం. దాన్ని అచ్చులో పెట్టి, లోపలికి విపరీతమైన ఒత్తిడితో నీళ్ళు ఎక్కిస్తే గొట్టం ఉబ్బి అచ్చు ఆకారానికి వస్తుంది. కారు ఎంత గట్టిపడిందంటే, నాలుగో తరంలో ఎక్కి దిగడానికి నరకం చూపించిన పక్క గడపల్ని బాగా కిందికి దించగలిగారు. ఇక నేల. రెండు పలుచని ఫైబర్ పలకల మధ్య బాల్సా చెక్క! పిల్లలు బొమ్మ విమానాలు చేసుకునే తేలిక చెక్క. కృత్రిమ నురుగులు కూడా పరీక్షించి, గట్టిదనానికీ చప్పుడు ఆపడానికీ చెక్కే మేలని తేల్చారు. అడ్డ కమాను తర్వాత నాకు అంతగా నచ్చిన నిర్ణయం ఇదే. కార్బన్ ఫైబర్ పెట్టి గొప్పలు చెప్పుకోడం తేలిక. చెక్క పెట్టి పని జరిపించుకోడానికి ధైర్యం కావాలి.

ఆ చాసిస్ మీదే కట్టిన రేసు కార్లు 2001, 2002, 2004లో ల మాన్‌లో తమ తరగతిలో గెలిచాయి. ఆరో తరం 2005లో దాచుకునే హెడ్‌లైట్లని తీసేసింది, మళ్ళీ గోల. ఏడో తరం 2014లో వెనక గుండ్రటి లైట్లని పలకలు చేసింది, మళ్ళీ గోల. రెండూ మంచి కార్లే, అయిదో తరం ఆలోచనకి మెరుగులు.

మెరుగులకి ఒక హద్దుంటుంది. ఏడో తరం చివర్లో వచ్చిన 2019 జెడ్‌ఆర్1 చూడండి. ఇంజన్‌లోకి గాలి దండిగా నెట్టే సూపర్‌ఛార్జర్ పెట్టి 755 హార్స్‌పవర్, ధర లక్షా ఇరవై వేల డాలర్లు. సున్నా నుంచి గంటకి 60 మైళ్ళు, కంపెనీ చెప్పిన ప్రకారం, 2.85 సెకన్లు. మరుసటి ఏడాది ఎనిమిదో తరం మామూలు స్టింగ్‌రే, పరుగుకి పదును పెట్టే జెడ్51 ప్యాకేజీతో, 495 హార్స్‌పవర్‌తో, 2.9 సెకన్లు. సగానికి కాస్త ఎక్కువ ధర, మూడింట రెండు వంతుల శక్తి, దాదాపు అదే పరుగు. డంటోవ్ 1960లో చెప్పింది ఇదే. ఇంజన్ జరపకపోతే ఆ వేగం లక్షాధికారులకే దక్కేది. జరిపారు కాబట్టి అది మామూలు మోడల్‌లోకి దిగింది. ఇది కార్వెట్ కాదనేవాళ్ళు జవాబు చెప్పాల్సిన అంకెలివి.

అంతమాత్రాన ఏమీ పోలేదని అనను. క్లచ్ పెడల్ పోవడం నాకు నిజంగా లోటే. రెండు క్లచ్చుల ఆటోమేటిక్ నాకంటే త్వరగా గేరు మారుస్తుంది, కాదనను. కానీ కొండదారిలో మూడో గేరు నుంచి రెండుకి దించుతూ, కాలి మడమతో యాక్సిలరేటర్ తట్టి, ఇంజన్ చప్పుడు సరిగ్గా కలిసినప్పుడు ఒంట్లో కలిగే తృప్తి వేరు. కొనేవాళ్ళలో మాన్యువల్ కోరేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారని కంపెనీ చెప్పిన కారణం సబబే. కొద్దిమందికే ఇంకో గేర్‌బాక్స్ తయారుచేస్తే ఆ ఖర్చు అందరి మీదా పడుతుంది. ధర కాపాడటానికి చేసిన త్యాగం కనుక ఒప్పుకుంటాను.

నేను భయపడేది వేరే చోట. ఎనిమిదో తరం జెడ్06లో 5.5 లీటర్ల, 670 హార్స్‌పవర్ ఇంజన్. ఈ-రే ముందు చక్రాలకి విద్యుత్ మోటార్ తగిలించింది. 2025 జెడ్‌ఆర్1కి రెండు టర్బోలు, 1,064 హార్స్‌పవర్, ధర లక్షా డెబ్భై వేల డాలర్లు దాటింది. పత్రికలన్నీ వీటి చుట్టే తిరుగుతున్నాయి. 1990 జెడ్‌ఆర్-1 నేర్పిన పాఠం కంపెనీకి గుర్తుందో లేదో తెలియాలంటే వీటిని కాదు, కింది మెట్టుని చూడాలి. 59,995కి మొదలైన స్టింగ్‌రే ఇప్పుడు 70 వేల చుట్టూ ఉంది. పోర్షే 911 మొదలయ్యేదే లక్షా ఇరవై వేల పైన. కాబట్టి లెక్క ఇంకా తప్పలేదు. కానీ స్టింగ్‌రే ధర పెరిగినంతగా అందులో కొత్తదనం పెరగలేదు. కొత్త ఇంజనీరింగంతా పై మోడళ్ళకే పోతోంది. వచ్చే తరం గీస్తున్నవాళ్ళు ముందు గీయాల్సింది ఆ కింది కారుని. వెయ్యి హార్స్‌పవర్‌ది తర్వాత చూసుకోవచ్చు.

అమెరికాలో ఉండి ఈ కారు మీద మనసుపడి, 70 వేలు ఎక్కడ తేవాలి అనుకునే మనవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. 1997 నుంచి 2004 మధ్య అయిదో తరం కార్లు పాత బజారులో ఇప్పటికీ మామూలు కొత్త సెడాన్ ధరకంటే తక్కువకి దొరుకుతున్నాయి. ఆరు గేర్ల మాన్యువల్ ఉన్నది వెతకండి. ఇంజన్ ముందు తిరిగే పుల్లీ ఊగుతోందేమో చూడండి, ఆ తరంలో తరచు కనిపించే జబ్బు అదే. స్టీరింగ్ తాళం రీకాల్ పని జరిగిందో లేదో కాగితాల్లో చూసుకోండి. ఆ రెండూ బాగుంటే, పైకప్పు పలక ఊడదీసి డిక్కీలో పెట్టుకుని, ఓ ఆదివారం పొద్దున్నే ఊరి బయట మలుపుల దారి పట్టండి.